కాస్ట్‌కో, వాల్‌మార్ట్‌లకు వెళ్లి లిస్టులో ఉన్నవే తెచ్చుకోవడం ఎలా

అమెరికాలో ఏడాది ఫీజు కట్టిన మెంబర్లకు పెద్ద పెద్ద ప్యాకెట్లలో సరుకులు అమ్మే గోదాము లాంటి స్టోర్ కాస్ట్‌కో. అక్కడ ధరలు నిజంగానే తక్కువ. ముందు ఈ సంగతి ఒప్పుకుంటే మిగతా లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. సరుకు మీద ఆ కంపెనీ మామూలుగా 14, 15 శాతానికి మించి వేసుకోదు. 2024 ఆర్థిక సంవత్సరంలో మెంబర్‌షిప్ ఫీజుల రూపంలోనే దానికి సుమారు 480 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ ఏడాది నికర లాభం దాదాపు 737 కోట్లు. కాబట్టి వస్తువు ముందు నిలబడి "ఇది చవకా?" అని అడిగితే దాదాపు ప్రతిసారీ అవుననే జవాబు వస్తుంది, ఆ అవునుతోనే కార్ట్ నిండిపోతుంది. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: ఇంత సరుకు మా ఇంట్లో ఎన్నాళ్లకు అయిపోతుంది? దానికి జవాబు స్టోర్‌లో దొరకదు, ఇంట్లోనే తయారు చేసుకుని వెళ్లాలి.

ముందు పాత రసీదులు తీయండి

డబ్బు ఎక్కడికి పోతోందో బ్యాంకు యాప్ చెప్పదు. వాల్‌మార్ట్, టార్గెట్, కాస్ట్‌కోల్లో బియ్యం కొన్నా, బ్లూటూత్ స్పీకర్ కొన్నా, డాబా మీద వేసుకునే కుర్చీలు కొన్నా యాప్‌లో మొత్తం ఒకే పద్దు కింద పడుతుంది. చాలాసార్లు దాని పేరు "గ్రోసరీస్" అనే ఉంటుంది. "తిండికే ఇంతవుతోంది" అని ఇంట్లో వాపోయేది ఈ తప్పు పద్దు చూసే.

దీనికి ఒక చిట్కా లెక్క ఉంది. చాలా రాష్ట్రాల్లో వండుకునే సరుకుల మీద సేల్స్ టాక్స్ ఉండదు, మిగతా సామాను మీద ఉంటుంది. రసీదు అడుగున ఉన్న టాక్స్ మొత్తాన్ని మీ ఊరి టాక్స్ రేటుతో భాగించండి. టెక్సస్‌లో 8.25 శాతం పడే ఊళ్లో బిల్లు 280 డాలర్లు, అందులో టాక్స్ 9.90 అనుకుందాం. 9.90ని 0.0825తో భాగిస్తే 120. అంటే టాక్స్ పోను మిగిలిన 270 డాలర్ల సామానులో 120 డాలర్లది తిండి కాదు. సబ్బులు, పేపర్ టవల్స్, కూల్‌డ్రింకులు, క్యాండీ కూడా ఈ 120లోకే వస్తాయి, కాబట్టి ఇది ఉజ్జాయింపే. ఒరెగాన్, మోంటానా, న్యూ హ్యాంప్‌షైర్, డెలవేర్‌లలో సేల్స్ టాక్సే లేదు. మిసిసిపీ, అలబామా లాంటి చోట్ల సరుకుల మీదా వేస్తారు. అలాంటి చోట ఈ లెక్క పనిచేయదు, రసీదు వరసగా చదువుకోవాల్సిందే.

గత రెండు, మూడు నెలల రసీదులు తీసి రెండు రంగుల పెన్నులతో గీతలు పెట్టండి. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడే అనుకున్నవి ఒక రంగు, అక్కడ చూశాక అనుకున్నవి ఇంకో రంగు. రెండో రంగు మొత్తం కూడితే మీరు తగ్గించగలిగే అంకె అదే. పాల ధర, గుడ్ల ధర గురించి ఎంత ఆలోచించినా ఆ అంకె ముందు చిల్లరే.

మెంబర్‌షిప్ లెక్క

కాస్ట్‌కోలో 2024 సెప్టెంబర్ 1 నుంచి మామూలు గోల్డ్ స్టార్ మెంబర్‌షిప్ ఏడాదికి 65 డాలర్లు, ఎగ్జిక్యూటివ్ 130. ఎగ్జిక్యూటివ్‌కి 2 శాతం రివార్డ్ వస్తుంది, ఏడాదికి గరిష్ఠంగా 1,250 డాలర్ల దాకా. పైన కట్టే 65 తిరిగి రావాలంటే ఏడాదికి 3,250 డాలర్ల కొనుగోళ్లు కావాలి, నెలకు దాదాపు 271. ఇక్కడ చాలామంది తప్పే చోటు పెట్రోలు. కాస్ట్‌కో బంకులో పోయించుకున్న గ్యాస్‌కి ఎగ్జిక్యూటివ్ రివార్డ్ లేదు, ఫుడ్ కోర్ట్‌కీ లేదు. అవి తీసేసి లెక్కేస్తే నెలకు 271 దాటే ఇళ్లు అనుకున్నదానికంటే తక్కువ. ఇంకో ప్రమాదమూ ఉంది: 271 దాటాలని కొనడం. రెండు డాలర్ల రివార్డ్ కోసం వంద డాలర్లు ఖర్చు పెట్టడం ఏ లెక్కలోనూ కుదరదు.

దారి ఖర్చు కూడా కలపండి. 2025కి ఐఆర్ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) వ్యాపార ప్రయాణాలకు ఒప్పుకున్న రేటు మైలుకు 70 సెంట్లు. గ్యాస్, అరుగుదల, ఇన్సూరెన్స్ అన్నీ అందులో ఉంటాయి కాబట్టి కారు ఖర్చుకి అది మంచి కొలత. రానూపోనూ 20 మైళ్లంటే 14 డాలర్లు. నెలకు నాలుగుసార్లు వెళ్లేవాళ్లు రెండుసార్లకు కుదిస్తే ఏడాదిలో 336 డాలర్ల దారి ఖర్చు తగ్గుతుంది. వెళ్లని రోజు కార్ట్‌లో పడకుండా పోయినవి ఆ పైన లాభం.

ఎన్నాళ్లకు అయిపోతుంది

పర్మనెంట్ మార్కర్ ఒకటి వంటింట్లో ఉంచండి. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తేదీ రాయండి. ఖాళీ అయిన రోజు తేదీలు చూసి ఫోన్‌లో "వంట నూనె, 2 లీటర్లు, 40 రోజులు" అని ఒక ముక్క నోట్ చేసుకోండి. పండగలు, చుట్టాల రాకపోకలతో మొదటి అంకె అటూ ఇటూ అవుతుంది కాబట్టి రెండోసారి కూడా చూడండి. అన్నిటికీ అక్కర్లేదు, మీరు పెద్ద సైజులో కొనే పది, పన్నెండు వస్తువులకు చాలు.

తర్వాత సూత్రం ఒకటే: వస్తువు నిలవ ఉండే కాలంలో మీ ఇల్లు ఎంత వాడుతుందో అంతకు మించి కొనకూడదు. అన్నీ ఒకేలా నిలవ ఉండవు.

తెల్ల బియ్యం తడి తగలకుండా గట్టి మూత డబ్బాలో ఉంటే ఏళ్ల తరబడి ఉంటుంది, 20 పౌండ్ల బస్తాకి భయం లేదు. పురుగు అనుమానం ఉంటే తెచ్చిన వెంటనే సంచుల్లో పోసి 0 డిగ్రీల ఫారెన్‌హీట్ ఫ్రీజర్‌లో నాలుగైదు రోజులు ఉంచి, బయటి వేడికి వచ్చాక డబ్బాలో పోయండి. చల్లగా ఉన్నప్పుడే విప్పితే తేమ పట్టి బూజు వస్తుంది. బ్రౌన్ రైస్ వేరు, దాని పైపొరలో నూనె ఉంటుంది. అల్మారాలో ఆరు నెలలు దాటితే ముక్కవాసన వస్తుంది. గోధుమ పిండీ అంతే. రోజూ అర పౌండ్ వాడే ఇంట్లో 20 పౌండ్ల సంచి 40 రోజుల్లో అయిపోతుంది. వారానికి రెండుసార్లు చపాతీ చేసుకునే ఇద్దరికి వారానికి ఒక పౌండే ఖర్చు, అదే సంచి 20 వారాలు ఉంటుంది. వేసవిలో గరాజ్‌లో పెడితే అది పాడవడం ఖాయం. అలాంటి ఇంటికి 5 పౌండ్ల ప్యాకెట్ ఖరీదెక్కువైనా అదే చవక.

ఆలివ్ నూనె మూత తీశాక రెండు, మూడు నెలల్లో వాడేయాలి. నెలకు పావు లీటరు వాడే ఇంటికి రెండు లీటర్ల సీసా ఎనిమిది నెలలు వస్తుంది, చివరి సగం రుచి పోయిన నూనె. బాదం, జీడిపప్పు, వాల్‌నట్ పెద్ద ప్యాకెట్లు ఫ్రీజర్‌లో చోటుంటేనే కొనండి. పొడి మసాలాలు చెడిపోవు గానీ వాసన తగ్గిపోతుంది. క్లోరిన్ బ్లీచ్ కూడా ఆరు నెలలు దాటాక బలం కోల్పోతూ ఉంటుంది, మూడు జగ్గుల ప్యాక్ చిన్న ఇంటికి అనవసరం. పచ్చి చికెన్ ఫ్రిజ్‌లో ఒకటి, రెండు రోజులే, వండినది మూడు, నాలుగు రోజులు. అందుకే పెద్ద ట్రే తెచ్చిన రోజే విడదీసి ఫ్రీజర్‌లోకి పంపాలి. టాయిలెట్ పేపర్, చెత్త సంచులు, ఆల్కలైన్ బ్యాటరీలు, డిష్‌వాషర్ ట్యాబ్లెట్లు పెద్ద సైజులో తీసుకోవడానికి బాగుంటాయి.

ప్యాకెట్ మీద "బెస్ట్ బై" తేదీ దాటిందని మంచి సరుకు పారేయకండి. పసిపిల్లల ఫార్ములాకి తప్ప మిగతా ఆహారానికి ఆ తేదీ వేయమని ఫెడరల్ చట్టం అడగదు. అది తయారీదారు చెప్పే నాణ్యత గడువు.

నిలవ ఉండే చోటుకీ ఖర్చుంది. పెద్ద ప్యాకెట్ల కోసం గరాజ్‌లో పెట్టిన పాత రెండో ఫ్రిజ్ ఏడాదికి 600 యూనిట్లు కాల్చి, యూనిట్ 17 సెంట్లు పడితే 102 డాలర్లు. గోల్డ్ స్టార్ ఫీజు కంటే అదే ఎక్కువ. ఆ ఫ్రిజ్‌లో ఉన్నదాంట్లో సగం కూల్‌డ్రింకులే అయితే దాన్ని ప్లగ్ తీసి చూడండి, ఇల్లు ఏమీ ఆగిపోదు.

యూనిట్ ధర, పారేసిన వాటా

షెల్ఫ్ లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఔన్స్‌కో పౌండ్‌కో ధర ఉంటుంది. దేశమంతటికీ ఒకే చట్టం లేదు; న్యూయార్క్, న్యూజెర్సీ, మసాచుసెట్స్ లాంటి కొన్ని రాష్ట్రాల్లోనే తప్పనిసరి. కాబట్టి ఒకే వరుసలో ఒక బ్రాండుకి ఔన్స్ లెక్క, పక్కదానికి పౌండ్ లెక్క, ఇంకోదానికి "వంద షీట్లకు" అని కనిపించవచ్చు. పౌండ్‌కి 16 ఔన్సులు, గాలన్‌కి 128 ఫ్లూయిడ్ ఔన్సులు. ఈ రెండూ గుర్తుంటే ఫోన్ క్యాలిక్యులేటర్‌తో సరిపోతుంది. టాయిలెట్ పేపర్‌ని రోల్స్‌తో పోల్చకండి, "మెగా", "డబుల్" అనే మాటలు కంపెనీకొక రకం. మొత్తం చదరపు అడుగులు ప్యాక్ మీద రాసి ఉంటాయి, వాటితో పోల్చండి.

యూనిట్ ధర తక్కువగా ఉన్నా నష్టం రావచ్చు, అదెలాగో చూద్దాం. 16 ఔన్సుల పాలకూర 5 డాలర్లు, 8 ఔన్సులది 3.25 అనుకుందాం. ఔన్స్‌కి 31 సెంట్లు, 41 సెంట్లు. పెద్దది 23 శాతం చవక. పెద్ద డబ్బాలో మూడో వంతు కుళ్లి చెత్తబుట్టలో పడితే తిన్నది పదిన్నర ఔన్సులు, అంటే ఔన్స్‌కి 47 సెంట్లు. చిన్న డబ్బా కంటే ఖరీదు. ఏ వస్తువుకైనా ఇదే లెక్క: యూనిట్ ధర ఎంత శాతం తక్కువో, అంతకంటే ఎక్కువ శాతం పారేస్తే మీకు నష్టమే. ఆకుకూరలు, బెర్రీలు, బ్రెడ్, పెరుగు పెద్ద డబ్బాలు ఈ పరీక్షలో తరచుగా తప్పుతాయి.

పారేయకపోయినా ఖర్చు పెరిగే దారి ఇంకోటి ఉంది. చిప్స్, చాక్లెట్, జ్యూస్ ఇంట్లో ఎంత ఉంటే అంత త్వరగా అయిపోతాయి. ఇక్కడ వాడకం వేగం సరుకును బట్టి మారిపోతుంది, మార్కర్‌తో రాసిన అంకె పనికిరాదు. చిరుతిళ్లకు పెద్ద ప్యాక్ చవక అనే మాట పక్కన పెట్టేయడం మేలు.

"10కి 10 డాలర్లు" అన్న బోర్డు చూసి పది తీసుకోనక్కర్లేదు. చాలా స్టోర్లలో ఒకటి కొన్నా డాలరే. "ఐదు కొంటేనే" అన్న షరతు ఉంటే కింద చిన్న అక్షరాల్లో రాస్తారు, చదవండి.

స్టోర్ లోపల

1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా వ్యాపారి చక్రాల బండి తయారు చేయించాడు. చేతి బుట్ట బరువెక్కగానే జనం కొనడం ఆపేస్తున్నారని గమనించే ఆ పని చేశాడు. ఇప్పుడు మీరు దాన్ని తిరగేయాలి. ఐదారు వస్తువులకు వెళ్తే కార్ట్ తీసుకోకండి, ఇంటి నుంచి రెండు సంచులు పట్టుకెళ్లండి. చేతులు లాగుతుంటే లిస్టు దానంతటదే గుర్తొస్తుంది.

ఒక సగటు కాస్ట్‌కో సుమారు 1,47,000 చదరపు అడుగులు, కానీ లోపల వస్తువులు 4,000 రకాల్లోపే. టీవీలు, నగలు, సీజన్ సామాను గుమ్మం దగ్గర. పాలు, మాంసం, 4.99 డాలర్ల రోటిసరీ చికెన్ (కాల్చిన కోడి) వెనక గోడ వైపు. ఏ వరుసలో ఏముందో చెప్పే బోర్డులు ఉండవు, సామాను చోట్లు మారుస్తుంటారు. వెతుకుతూ తిరిగితే ఇంకేవో కనపడాలనే. అందుకే లిస్టుని స్టోర్ వెనక నుంచి ముందుకు వచ్చే వరుసలో రాసుకోండి. లోపలికి రాగానే నేరుగా వెనక్కి నడిచి, అక్కడి నుంచి వరసగా తీసుకుంటూ కౌంటర్‌కి రండి. మధ్యలో బట్టల బల్లలు తగలవని కాదు, కానీ అప్పటికి కార్ట్‌లో ఐస్‌క్రీమ్ ఉంటుంది, ఆగడానికి మనసొప్పదు.

వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్లకు మామూలుగా రెండు గుమ్మాలు, సరుకులకొకటి, మిగతా సామానుకొకటి. సరుకుల గుమ్మం వైపే కారు ఆపండి. టార్గెట్‌లో గుమ్మం పక్కనే చిన్న ధరల బుట్టలుంటాయి, ఫర్నిచర్ స్టోర్ ఐకియాలో నేల మీది బాణాలు స్టోరంతా తిప్పుతాయి. ఐకియా మ్యాప్‌లో అడ్డదారులు గుర్తు పెట్టి ఉంటాయి, వాటిని వాడండి.

అన్నిటికంటే తేలిక మార్గం లోపలికి వెళ్లకపోవడం. వాల్‌మార్ట్‌లో 35 డాలర్లు దాటిన ఆర్డర్లకు పికప్ ఉచితం, టార్గెట్‌లో డ్రైవ్ అప్ ఉంది. యాప్‌లో ఆర్డర్ పెట్టి వెళ్తే సామాను కారు దగ్గరికే తెచ్చిస్తారు. సోమవారం నుంచి యాప్ కార్ట్‌లో వేసుకుంటూ పోయి, ఆర్డర్ పెట్టే ముందు ఒకసారి చూసి నాలుగు తీసేయండి. యాప్‌లో తీసేయడం తేలిక, కౌంటర్ దగ్గర క్యూలో నలుగురి ముందు తీసేయడం కష్టం. కాస్ట్‌కో సరుకులు ఇన్‌స్టాకార్ట్‌లో (ఇంటికి సరుకులు తెచ్చిచ్చే యాప్) తెప్పిస్తే ధరలు గోదాములో కంటే ఎక్కువగా ఉంటాయి, అది చూసుకోండి. శామ్స్ క్లబ్‌కి (కాస్ట్‌కో లాంటిదే, వాల్‌మార్ట్ వాళ్లది) వెళ్లేవాళ్లు ఫోన్‌తోనే స్కాన్ చేసి డబ్బు కట్టే స్కాన్ అండ్ గో వాడితే వస్తువు వేసినప్పుడల్లా మొత్తం ఫోన్‌లో కనిపిస్తుంది.

కాస్ట్‌కో ధర చీటీల భాష కూడా తెలిసుండాలి. ధర .97తో ముగిస్తే ఆ స్టోర్ దాన్ని తగ్గించి అమ్మేస్తోందని అర్థం. పైమూల నక్షత్రం గుర్తుంటే ఇక మళ్లీ తెప్పించడం లేదని. ఈ రెండూ మీరు ఎప్పుడూ కొనే వస్తువు మీద కనిపిస్తేనే లాభం. ఎప్పుడూ కొననిదాని మీద నక్షత్రం చూసి "మళ్లీ దొరకదేమో" అని తీసుకున్న సామానే గరాజ్‌లో పేరుకుంటుంది.

వంద డాలర్లు దాటినదేదైనా ఫొటో తీసుకుని, ధర, ఐటెమ్ నంబర్ పడేలా, ఇంటికి వచ్చేయండి. మూడు రోజుల తర్వాత కూడా కావాలనిపిస్తే అప్పుడు వెళ్లండి. బ్లాక్ ఫ్రైడేకి కూడా ఇదే పద్ధతి, పైగా టీవీల్లో మోడల్ నంబర్ పూర్తిగా చూడాలి. ఆ సేల్ కోసమే తక్కువ పోర్టులతో, తక్కువ వెలుగుతో చేసిన మోడళ్లు ఉంటాయి, పేరు మాత్రం మంచి మోడల్ పేరులాగే ఉంటుంది.

పంచుకోవడం

రెండు, మూడు కుటుంబాలు కలిసి పెద్ద ప్యాక్ పంచుకుంటే సగం సమస్యలు తీరతాయి. ఒకరు కొని, అదే రోజు కిచెన్ స్కేల్ మీద తూచి, జిప్ సంచుల్లో పంచాలి. మాంసం, పాల సరుకులు మర్నాటికి వాయిదా వేయకూడదు. లెక్క స్ప్లిట్‌వైజ్ అనే ఖర్చులు పంచుకునే యాప్‌లో వేసేయండి. మొహమాటానికి వదిలేసిన బాకీల వల్లే ఇలాంటి ఏర్పాట్లు చెడతాయి.

కార్డులు, వాయిదాలు

క్రెడిట్ కార్డ్ మీద 600 డాలర్లు కొంటే 2 శాతం రివార్డ్ 12 డాలర్లు. బిల్లు పూర్తిగా కట్టకుండా 22 శాతం వడ్డీ మీద ఒక నెల వదిలేస్తే వడ్డీ 11 డాలర్లు. నెల రోజుల్లో రివార్డ్ హుష్‌కాకి, రెండో నెల నుంచి నష్టం. 2009 కార్డ్ చట్టం ప్రకారం మీ స్టేట్‌మెంట్‌లో మినిమమ్ మాత్రమే కడితే ఎన్నేళ్లు పడుతుందో ఒక పట్టీ ఉంటుంది, ఒకసారి చదవండి.

ఫర్నిచర్, ఎలక్ట్రానిక్స్ స్టోర్లు ఇచ్చే "12 నెలల్లో పూర్తిగా కడితే వడ్డీ లేదు" కార్డులు ఇంకా ప్రమాదం. గడువుకి ఒక్క డాలర్ మిగిలినా కొన్న రోజు నుంచి వడ్డీ వేస్తారు. 1,200 డాలర్ల సోఫాకి నెలకు వంద చొప్పున 11 నెలలు కట్టి చివరి వంద మర్చిపోయారనుకోండి. రేటు 30 శాతమైతే దాదాపు 200 డాలర్ల వడ్డీ ఒకేసారి పడుతుంది. బిల్లులో అడిగే మినిమమ్ కడుతూ పోతే గడువుకి అప్పు తీరకపోవచ్చు. మొత్తాన్ని 11తో భాగించి ఆటోపే పెట్టేయండి, చివరి నెల తప్పులు సరిచూసుకోవడానికి మిగులుతుంది. ఆఫ్టర్‌పే, క్లార్నా లాంటి నాలుగు వాయిదాల పద్ధతిలో ఒక్క కొనుగోలుతో ఇబ్బంది రాదు. ఆరు వారాల్లో మూడు, నాలుగు ఒకదాని మీద ఒకటి పడితేనే జీతం రోజు ఖాతా ఖాళీ అవుతుంది. ఒకటి పూర్తిగా తీరేదాకా రెండోది తెరవకూడదని పెట్టుకోండి.

రిటర్నులు

"నచ్చకపోతే మూడు రోజుల్లో తిరిగిచ్చేయొచ్చని చట్టం ఉంది" అనే నమ్మకం తప్పు. ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే ఫెడరల్ సంస్థ) పెట్టిన మూడు రోజుల కూలింగ్ ఆఫ్ రూల్ ఇంటికొచ్చి అమ్మేవాళ్లకి, హోటళ్లలో తాత్కాలికంగా పెట్టే అమ్మకాలకి; స్టోర్‌లో కొన్నదానికి ఆ స్టోర్ పాలసీయే దిక్కు. కాస్ట్‌కోలో చాలా వస్తువులకు గడువు లేదు, కానీ టీవీలు, కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు, పెద్ద ఇంటి యంత్రాలకు 90 రోజులే. వాల్‌మార్ట్‌లో ఎక్కువ వాటికి 90 రోజులు, ఎలక్ట్రానిక్స్‌కి 30. కొన్న రోజే ఫోన్ క్యాలెండర్‌లో గడువుకి వారం ముందు గుర్తు పెట్టుకోండి. తిరిగివ్వాల్సినవి కారు డిక్కీలో కాదు, ఇంటి గుమ్మం దగ్గర కాళ్లకు అడ్డం పడే చోట పెట్టండి.

కొన్న 30 రోజుల్లోపు అదే వస్తువు ధర కాస్ట్‌కోలో తగ్గితే తేడా వెనక్కిస్తారు. గోదాములో కొన్నదానికి సర్వీస్ డెస్క్, వెబ్‌సైట్‌లో కొన్నదానికి ఆన్‌లైన్ ఫారం. ఐదు డాలర్ల కోసం ప్రత్యేకంగా వెళ్లకండి, మళ్లీ వెళ్లినప్పుడు అడగండి.

మెంబర్‌షిప్ వద్దనుకుంటే

ఏడాది చివర రెండు రంగుల రసీదులు ఇంకోసారి తీసి చూడండి. రెండో రంగు తగ్గకపోతే, లేదా ఎగ్జిక్యూటివ్ 65 తిరిగి రాకపోతే, సర్వీస్ డెస్క్‌లో మెంబర్‌షిప్ దింపమనో రద్దు చేయమనో అడగండి. తృప్తి లేకపోతే ఎప్పుడైనా ఫీజు పూర్తిగా వాపసు ఇస్తామన్నది కాస్ట్‌కో హామీ. రద్దు చేయకుండా వదిలేద్దామనుకునేవాళ్లు ఖాతాలో ఆటో రెన్యువల్ తీసేయడం మర్చిపోకండి, లేకపోతే గడువు రాగానే కార్డ్ మీద పడిపోతుంది. మందుల షాపు మాత్రం మెంబర్‌షిప్ లేకపోయినా వాడుకోవచ్చు, గుమ్మం దగ్గర ఫార్మసీకని చెబితే చాలు.